కావలికి కావలి



ప్రెషర్ కుక్కర్ నేడు మన దేశంలో ఎన్నో వంటిళ్ళలో ఉన్నది. ఆ కుక్కర్ మూతమీద రెండు రక్షణలు ఉంటాయి. ఒకటి అందరూ ఎరిగిన వెయిటు. లోపలి ఆవిరి ఒత్తిడి హద్దు మీరగానే అది లేచి, ఈల వేసి, ఎక్కువైన ఆవిరిని వెలుపలికి పంపి మళ్ళీ తన చోట కూర్చుంటుంది. రెండవది మూతకు ఒక ప్రక్కన ఒదిగి ఉండే చిన్న సేఫ్టీ వాల్వు. అది ఈల వేయదు, కదలదు. అందుచేత దాని ఉనికినే మనం మరచిపోతాము. వెయిటు క్రింది రంధ్రంలో పప్పుతొక్క అడ్డుపడి ఆవిరికి దారి మూసుకొనిపోయిననాడు, ఆ వాల్వులోని లోహం వేడికి కరిగి ఆవిరికి వేరొక దారి ఇస్తుంది. పాత్ర ప్రేలిపోకుండా, ఇంటిల్లిపాది క్షేమంగా ఉంటారు.

ఈ ఏర్పాటులో రెండు విశేషాలు ఉన్నవి. రెండవ రక్షణ మొదటిదాని రంధ్రాన్ని పంచుకొనదు. మొదటిది పనిచేసే పద్ధతిలో పనిచేయదు. వెయిటు ఒత్తిడికి లేస్తుంది, వాల్వు వేడికి కరుగుతుంది. ఒకే రంధ్రం మీద రెండు వెయిట్లు పేర్చి ఉంటే, ఒక్క పప్పుతొక్క రెండింటినీ వ్యర్థం చేసి ఉండేది. ఈ చిన్న సంగతిని మనసులో ఉంచుకొనవలసినదని శ్రోతలను కోరుతున్నాము. ఈనాటి మా ప్రసంగానికి విషయమైన పెద్ద యంత్రానికి కూడా ఇదే సూత్రం ప్రాణం.

ఆ యంత్రం గ్యాసు టర్బైను. గాలిని పీల్చి, గట్టిగా అదిమి, దానిలో ఇంధనాన్ని మండించి, ఆ మంటనుండి పుట్టిన వేడి వాయువుల వేగంతో రెక్కల చక్రాలను త్రిప్పే యంత్రమిది. అది పుట్టించే శక్తిలో సగానికి మించిన భాగం గాలిని అదమడానికే ఖర్చవుతుంది. మిగిలినది జనరేటరును త్రిప్పి విద్యుచ్ఛక్తిని ఇస్తుంది. ప్రజల వాడకానికి విద్యుత్తును ఇవ్వడానికి నిర్మించిన మొదటి గ్యాసు టర్బైను 1939వ సంవత్సరంలో స్విట్జర్లాండు దేశపు నూషాటెల్ పట్టణంలో వెలసినది. బ్రౌన్ బొవేరి వారు దానిని నిర్మించారు. దాని శక్తి 4 మెగావాట్లు మాత్రమే. టర్బైను శాస్త్రంలో పితామహుడనదగిన ఆరెల్ స్టొడోలా తన 80వ ఏట స్వయంగా నిలబడి ఆ యంత్రాన్ని పరీక్షించాడు. నేడు అదే జాతికి చెందిన ఒక్కొక్క యంత్రం వందల మెగావాట్లను ఇస్తున్నది.

మన ప్రాంతానికి కూడా ఈ యంత్రం క్రొత్తది కాదు. కృష్ణా గోదావరీ తీరాలలో సహజవాయువు బయటపడిన తరువాత విజ్జేశ్వరం, జేగురుపాడు, కొండపల్లి మొదలైన చోట్ల గ్యాసుతో నడిచే విద్యుత్కేంద్రాలు వెలసినవి. హైదరాబాదు చెంత రామచంద్రపురంలో ఉన్న భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ వారి కర్మాగారంలో గ్యాసు టర్బైన్లు తయారయినవి. ఆ యంత్రాల ప్రక్కన పగలూ రాత్రీ కావలి కాచినవారిలో, కాస్తున్నవారిలో మన బంధువులు, ఇరుగుపొరుగువారు ఎందరో ఉన్నారు.

ఇంతకూ ఆ యంత్రానికి కావలి ఎందుకు? మన దేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో ప్రవహిస్తున్నది. అందుచేత జనరేటరుతో నేరుగా కలిసిన పెద్ద గ్యాసు టర్బైను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. పదుల టన్నుల బరువుగల ఇరుసు అంత వేగంతో తిరుగుతున్నప్పుడు, దానిని అదుపులో ఉంచేది ముఖ్యంగా మనమే. మనం వెలిగించే దీపాలు, త్రిప్పే పంపులు, నడిపే మిల్లులు ఆ ఇరుసుమీద పడే బరువు. ఎక్కడో తీగ తెగియో, పిడుగు పడియో, జనరేటరును బయటి తీగలతో కలిపే స్విచ్చి హఠాత్తుగా విడిపోయినదనుకొందాము. బరువంతా ఒక్క క్షణంలో తొలగిపోతుంది. ఇంధనం మాత్రం ఇంకా మండుతూనే ఉంటుంది. నిండుబండిని లాగుతున్న ఎద్దులకు కాడి తెగినట్లు ఇరుసు ముందుకు దూకుతుంది. కొద్ది సెకన్లలో ఇంధనాన్ని కోయకపోతే వేగం హద్దు దాటిపోతుంది.

వేగం పెరిగితే రెక్కలను బయటికి లాగే బలం వేగంతోపాటు మాత్రమే పెరగదు, వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం నూటికి 10 పాళ్ళు పెరిగితే ఆ బలం నూటికి 21 పాళ్ళు పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే బలం రెండుంబాతిక రెట్లవుతుంది. ఆ బలానికి ఊడిన ఒక్క రెక్క ఫిరంగిగుండు వలె దళసరి ఉక్కు కవచాన్ని చీల్చుకొని పోగలదు. అందుకే అనుమతించిన వేగానికి నూటికి 10 పాళ్ళు మించగానే, అనగా 3,300 చుట్ల దగ్గర, యంత్రాన్ని ఆపివేయడం సామాన్యంగా పాటించే నియమం. దీనినే కార్మికులు 'ట్రిప్' అంటారు.

మొదటి కావలి యంత్రాన్ని నడిపే కంట్రోలు వ్యవస్థదే. ఇరుసుకు ఒక పళ్ళచక్రం బిగిస్తారు. సాధారణంగా దానికి 60 పళ్ళు ఉంటాయి. దాని ప్రక్కన వెంట్రుకవాసి ఎడంగా ఒక అయస్కాంతపు సెన్సారు ఉంటుంది. ఒక్కొక్క పన్ను దాని ముందునుండి పోయినప్పుడల్లా ఒక చిన్న విద్యుత్ స్పందన పుడుతుంది. ఇక్కడ ఒక సొగసైన లెక్క ఉన్నది. నిమిషానికి 60 సెకన్లు, చక్రానికి 60 పళ్ళు. కాబట్టి సెకనుకు ఎన్ని స్పందనలు వస్తే నిమిషానికి అన్ని చుట్లు. 3,000 స్పందనలంటే 3,000 చుట్లు. కంట్రోలు బోర్డు ఈ స్పందనలను ఎంచుతూ, వేగం పెరిగితే ఇంధనం తగ్గిస్తూ, హద్దు దాటితే కోసివేస్తుంది.

ఆ కంట్రోలు వ్యవస్థే పొరబడితే ఏమవుతుంది? దాని సెన్సారు చెడినా, దాని విద్యుత్ సరఫరా తప్పినా, దాని లెక్కలో దోషం చొరబడినా యంత్రం కళ్ళు మూసుకొని పరుగెత్తుతుంది. అందుకే పూర్వకాలపు నిర్మాతలు ఇరుసులోనే ఒక బోల్టును కొంచెం ప్రక్కకు ఒరిగించి, స్ప్రింగుతో బిగించి ఉంచేవారు. వేగం మితిమీరితే ఆ బోల్టు స్ప్రింగు బలాన్ని జయించి బయటికి పొడుచుకొని వచ్చి, ఒక మీటను తన్ని, ఇంధనపు వాల్వును మూయించేది. దానికి విద్యుత్తుతో పనిలేదు, లెక్కలతో పనిలేదు. మన కుక్కర్ సేఫ్టీ వాల్వుకు అది పెద్దన్న. పాత టర్బైన్లలో ఆ బోల్టు నేటికీ కనిపిస్తుంది. క్రొత్త యంత్రాలలో దాని స్థానాన్ని ఎలక్ట్రానిక్ బోర్డులు ఆక్రమించినవి. బోల్టును పరీక్షించవలెనంటే యంత్రాన్ని నిజంగానే అతివేగంతో త్రిప్పవలసి ఉండేది. బోర్డును అంత సాహసం లేకుండా పరీక్షించవచ్చును.

అయితే మొదటి కావలీ ఎలక్ట్రానిక్ బోర్డే, రెండవ కావలీ ఎలక్ట్రానిక్ బోర్డే అయినప్పుడు ఒకే పప్పుతొక్క రెండింటికీ అడ్డుపడదా అన్న సందేహం శ్రోతలకు కలగవచ్చును. ఇంజనీర్లకు కూడా అదే సందేహం కలిగినది. దానికి వారు కనుగొన్న సమాధానం విడిగా ఉంచడం. రెండవ కావలి బోర్డులకు పళ్ళచక్రం దగ్గర వేరే సెన్సార్లు, వాటికి వేరే తీగలు, వేరే విద్యుత్ సరఫరా, వేరే గణనయంత్రం, వేరే రిలేలు. కంట్రోలు వ్యవస్థ చెప్పిన వేగాన్ని అవి నమ్మవు. తమ కళ్ళతో తామే చూచి, తమ లెక్క తామే కట్టుకొంటాయి.

ఆ రెండవ కావలిలో కూడా బోర్డు ఒక్కటి కాదు, మూడు. ఒక్కటే ఉంటే, అది చచ్చుపడితే కావలి లేదు. అది అకారణంగా బెదిరితే ఊరంతటికీ దీపాలు ఆరిపోతాయి. రెండు ఉండి ఒకటి ఆపమని, మరొకటి వద్దని అంటే ఎవరి మాట వినవలెను? మూడు ఉంటే ఇద్దరి మాట చెల్లుతుంది. పంచాయతీలో ఇద్దరు పెద్దమనుషులు ఒక్క మాటమీద నిలిస్తే మూడవవాని తప్పుడు సాక్ష్యం కొట్టుబడిపోయినట్లే. జనరల్ ఎలక్ట్రిక్ వారి మార్క్ 5 అనే కంట్రోలు వ్యవస్థలో ఎక్స్, వై, జెడ్ అనే పేర్లతో ఇటువంటి రక్షణ బోర్డులు మూడు ఉన్నవి. తరువాత వచ్చిన మార్క్ 6లో వీపీఆర్ఓ అనే మూడు బోర్డులు ఈ పనికే కేటాయించినవి.

ఈ బోర్డులు ఇంధనాన్ని ఆపే తీరు కూడా తెలుసుకొనదగినది. ఇంధనపు వాల్వును తెరచి ఉంచేది నూనె ఒత్తిడి. ఆ ఒత్తిడిని నిలిపి ఉంచేది ఒక విద్యుదయస్కాంతపు సాలినాయిడ్. దానికి విద్యుత్తు అందుతున్నంతసేపే వాల్వు తెరచి ఉంటుంది. విద్యుత్తు ఆగితే స్ప్రింగు వాల్వును మూసివేస్తుంది. అనగా తీగ తెగినా, ఫ్యూజు పోయినా, బ్యాటరీ అయిపోయినా ఇంధనం ఆగుతుందేకాని పారదు. మార్క్ 6లో ఆ సాలినాయిడ్‌కు ఒక ప్రక్కన మొదటి కావలి రిలేలు, మరొక ప్రక్కన రెండవ కావలి రిలేలు ఉంటాయి. ఇద్దరూ సమ్మతిస్తేనే విద్యుత్తు పారుతుంది. ఎవరు చేయి వదిలినా ఇంధనం ఆగుతుంది. యంత్రాన్ని నడపడానికి ఇద్దరి అనుమతి కావలెను. ఆపడానికి ఒక్కరు చాలును.

వేగమొక్కటే వీటి బాధ్యత కాదు. టర్బైను నుండి వెలువడే వాయువుల వేడి హద్దు దాటినదా అని రెండవసారి సరిచూడడం, జనరేటరును బయటి తీగలతో కలిపే క్షణాన రెండింటి లయ కలిసినదా అని మరొకసారి తరచిచూడడం కూడా ఇటువంటి బోర్డుల పనులే.

ఇన్ని జాగ్రత్తలు చెప్పిన తరువాత ఇక భయమేమున్నదని శ్రోతలు అనుకొనవచ్చును. అలా అనుకొన్నచోటనే ప్రమాదం పొంచి ఉన్నదని చెప్పడానికే ఈ ప్రసంగం.

1991వ సంవత్సరం నవంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, సేలమ్ అణువిద్యుత్కేంద్రపు రెండవ యూనిట్‌లో జరిగిన సంగతిని చూడండి. అక్కడిది ఆవిరి టర్బైను. కాని అతివేగపు ప్రమాదం, దానికి కావలి, రెండు యంత్రాలకూ ఒక్కటే. అది నిమిషానికి 1,800 చుట్లు తిరగవలసిన యంత్రం. విచిత్రమేమంటే, ఆనాడు సిబ్బంది రక్షణ పరికరాలనే పరీక్షిస్తున్నారు. పరీక్షకోసం యాంత్రికమైన అతివేగ రక్షణను తాత్కాలికంగా ప్రక్కకు తప్పించి ఉంచారు. ఆ సమయంలో నూనె ఒత్తిడి క్షణకాలం పడిపోయినది. రియాక్టరు ఆగినది. జనరేటరు స్విచ్చి విడిపోయినది. అప్పుడు టర్బైనును కాపాడవలసిన సాలినాయిడ్ వాల్వులు మూడు. మూడూ బిగుసుకొనిపోయి ఉన్నవి. ఒక్కటీ కదలలేదు. ఆవిరి మళ్ళీ లోపలికి పారినది. ఇరుసు దాదాపు 2,900 చుట్ల వేగాన్ని అందుకొన్నది. రెక్కలు ఊడి కవచాన్ని చీల్చుకొని బయటపడినవి. జనరేటరును చల్లబరచే హైడ్రోజన్ అంటుకొన్నది. రియాక్టరు క్షేమంగా ఆగినది, ఎవరి ప్రాణానికీ హాని కలగలేదు. అది అదృష్టమనే చెప్పవలెను.

ఒకటి చెడితే రెండవది, రెండవది చెడితే మూడవది ఉన్నదనుకొన్నారు. కాని ఆ వాల్వులను ఒక్కొక్కదానిని విడివిడిగా పరీక్షించి చూచినవారు లేరు. ఒకే నూనెలో, ఒకే గదిలో, ఒకే అలక్ష్యంలో మూడూ కలిసి బిగుసుకొన్నవి. ముగ్గురు కావలివారున్నా, ముగ్గురూ నిద్రపోతే ఇంటికి కావలి లేనట్లే.

ఈ సంగతులను గూర్చి తెలుసుకొనగోరి మేము ఒకమారు గోదావరి ప్రాంతంలోని ఒక విద్యుత్కేంద్రానికి వెళ్ళాము. అక్కడి పెద్ద ఇంజనీరుగారు కంట్రోలు గదిలో ఒక ఇనుప బీరువా తలుపు తెరచి రక్షణ బోర్డులను మాకు చూపారు. అరచేతికంటె కొంచెం పెద్దవైన పచ్చని పలకలు. వాటిమీద చీమల బారులవంటి భాగాలు. ఒక మూల చిన్న దీపం వెలుగుతున్నది. మా వెంట ఉన్న యువ ఇంజనీరు అడిగాడు:

"ఇన్నేళ్ళలో ఈ బోర్డులు నిజంగా ఒక్కసారైనా టర్బైనును ఆపినవా సార్?"

"నాకు తెలిసి లేదు నాయనా. పరీక్షలో తప్ప."

"మరి పరీక్షకోసం ఇంత శ్రమ ఎందుకండీ?"

ఆయన బీరువా తలుపు మూసి, కుర్చీలో కూర్చుని, తాను అంతకుముందు వేరొక కేంద్రంలో పనిచేసిన నాటి అనుభవం చెప్పారు. అది మండువేసవి. సాయంకాలమయ్యేసరికి విద్యుత్తు వాడకం ఆకాశానికి అంటేది. రక్షణ బోర్డుల పరీక్షకు యంత్రం మీది బరువు తగ్గించవలెను. "ఈ వారం కాదండీ, పై వారం చూడండి" అని లోడ్ డెస్పాచ్ వారు ఫోను చేశారు. ఆయన సరేనన్నారు. పై వారం కూడా అదే మాట. మళ్ళీ సరేనన్నారు. మూడు సెన్సార్లలో ఒకటి చెడినట్లు తెరమీద హెచ్చరిక కొన్నాళ్ళుగా కనిపిస్తూనే ఉన్నది. ఇంకా రెండున్నవి కదా, యంత్రం ఆగిననాడు మార్చవచ్చునని అందరూ దానికి అలవాటుపడ్డారు.

మూడవ వారం ఆయన పట్టుపట్టి పరీక్ష జరిపించారు. ఒక్కొక్క బోర్డుకు పరికరంతో కృత్రిమ స్పందనలు పంపి, వేగం పెరుగుతున్నట్లు చూపుతారు. 3,300 స్పందనలు చేరేసరికి బోర్డు 'ఆపు' అనవలెను. ఒక్క బోర్డే అంటుంది కాబట్టి యంత్రం ఆగదు. మొదటి బోర్డు సరిగ్గా అన్నది. రెండవది సెన్సారు చెడినది. మూడవ బోర్డు 3,300 దాటినా మాట్లాడలేదు. 3,500 దాటినా మాట్లాడలేదు. విప్పి చూస్తే అది నాలుగు నెలల క్రితం స్టోరు నుండి తెచ్చి అమర్చిన బోర్డు. అంతకుముందు అది నిమిషానికి 5,000 చుట్లకు పైబడి తిరిగే వేరొక చిన్న యంత్రానికి పనిచేసినది. దాని హద్దును నిర్ణయించే గోరంత జంపర్లు ఆ పాత యంత్రపు లెక్కకే ఉండిపోయినవి. అమర్చినవారు మార్చలేదు. దీపం మాత్రం చక్కగా వెలుగుతూనే ఉన్నది.

"అంటే మూడింటిలో మేలుకొని ఉన్నది ఒక్కటే" అన్నారాయన. "ఒక్కరి మాట చెల్లదని మేమే నియమం పెట్టుకొన్నాము. నాలుగు నెలలుగా హెచ్చరిక ఒకటి కళ్ళముందున్నది, దోషమొకటి కళ్ళకు కనబడనిది ఉన్నది. ఆ నాలుగు నెలలూ ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడమే మమ్మల్ని మోసగించినది. ఆ రాత్రి షిఫ్టులో టర్బైను ప్రక్కన పదకొండుమంది ఉన్నారు. వారెవరికీ ఈ సంగతి తెలియదు."

ఆ యువకుడు మరి ప్రశ్న వేయలేదు. తిరిగివచ్చేటప్పుడు అతడు తన చేతిపుస్తకంలో ఏదో వ్రాసుకొనడం మేము గమనించాము.

బోర్డుకు కూడా వయస్సు ఉన్నది. దానిలోని కొన్ని కెపాసిటర్లు స్టోరులో ఊరక ఉన్నా ఏళ్ళు గడచేకొలది ఎండిపోతాయి. ఉప్పుగాలి, తేమ సన్నని తీగలను తినివేస్తాయి. నిర్మాత ఆ రకపు బోర్డును తయారుచేయడం మానివేస్తే, పాతవాటిని బాగుచేయించుకొంటూ, దొరికినచోట కొనుక్కొంటూ నెట్టుకొని రావలసి వస్తుంది. ఇవన్నీ సహించదగిన కష్టాలే. సహించరానిది ఒక్కటే. పలుమార్లు అకారణంగా ఆపుతున్నదని విసిగి, రక్షణను తాత్కాలికంగా బైపాస్ చేసి, ఆ తాత్కాలికాన్ని మరచిపోవడం. పని తెలిసినవారు ప్రతి బైపాస్‌నూ పుస్తకంలో వ్రాసి, ఎవరు చేశారో, ఎప్పటికి తీయవలెనో సంతకంతో నమోదు చేస్తారు. ఆ పుస్తకం బోర్డుకంటె తక్కువ విలువైనది కాదు.

మేము పనిచేసే ఈ ప్రసారకేంద్రంలో కూడా కరెంటు పోతే అందుకొనే జనరేటరు ఉన్నది. దానిని క్రమం తప్పక నడిపి చూస్తారు. అవసరం లేనిరోజున నడిపి చూచిన జనరేటరే అవసరమైన రోజున నడుస్తుంది. రెండవ రక్షణకు విలువ అది ఉండడంలో లేదు. అది మొదటిదానికి దూరంగా, విడిగా ఉండడంలోను, అది మేలుకొని ఉన్నదని మనం మన కళ్ళతో చూచుకొనడంలోను ఉన్నది.

ఈ మాటలు ముగిసిన తరువాత శ్రోతలు ఒక చిన్న పని చేయవలసినదని మా కోరిక. మీ కుక్కర్ మూతను వెలుతురులోకి తెచ్చి ఆ సేఫ్టీ వాల్వును చూడండి. అది ఎన్నేళ్ళనాటిది? ఒకమారు కరిగిపోయిన తరువాత దాని స్థానంలో ఎవరైనా మేకునో, వేరొక రకపు బిళ్ళనో బిగించినారా? వెయిటు క్రింది రంధ్రం నుండి వెలుతురు కనబడుతున్నదా? అనుమానం కలిగితే ఆ కుక్కర్‌కు తగిన వాల్వును కొని మార్చండి. ఖర్చు స్వల్పం. అది తన జీవితంలో ఒక్కసారి కూడా పనిచేయవలసిన అవసరం రాకపోవచ్చును. రాకూడదనే మన కోరిక. అయినా ఆ ఒక్కసారి వస్తే, దాని ప్రక్కన నిలబడి ఉండేది మనవారే.